కీర్తిశేషులు సురవరము ప్రతాపరెడ్డిగారు

మన వార్షిక మహాసభా సంచికలయందు కులమున జన్మించిన మహనీయుల చరిత్రములను ప్రకటించుట చిరకాలముగా వచ్చుచున్న యాచారము. సంచికా సంపాదకులు నన్నీసారి శ్రీ సురవరము ప్రతాపరెడ్డిగారినిగూర్చి వ్రాయుమని కోరిరి. ఈ కోరిక నాకు సంతోషమును, కొంత జంకును గూడ గలిగించినది. సంతోషమునకు కారణము చెప్పనక్కరలేదు. జంకునకు కారణ మేమనగా, ఆధారములేని మాట యెవ్వరిదైనను సరే దానిని నిలదీసి యడిగిన మహాపురుషుని చరిత్రమును ఆధారములేని స్తోత్రముతో నింపుట అపరాధము. స్తోత్రము చేయుటయో సంచికలవారికి వెన్నతో పెట్టిన విద్య. కావున నాకు నిశ్చయముగా దెలిసినంతవరకే వ్రాయుదునని ముందుగా మనవి చేసికొనుచున్నాను.

శ్రీ ప్రతాపరెడ్డిగారు 1896వ సంవత్సరము మే నెల 28వ తేదీన బోరవెల్లి గ్రామమున జన్మించిరి. ఈ గ్రామము కృష్ణా తుంగభద్రల నడుమ మనవారు నడిగడ్డ యని పిలుచు సీమలోనిది. చిరకాలము మహబూబునగరము జిల్లాలో నుండి 2016వ సంవత్సరమునుండి జోగులాంబ గద్వాల జిల్లాలో చేరినది. వారి స్వగ్రామము ఇటిక్యాలపాడును ఆ ప్రాంతములోనిదే. తుంగభద్ర దాటిన కర్నూలు. నాడు ఇవ్వలి యొడ్డు నిజామురాజ్యము, అవ్వలి యొడ్డు ఆంగ్లేయ ప్రభుత్వము. వారు కర్నూలునందు మొదటి చదువు ముగించి, హైదరాబాదు నిజాముకళాశాలలోను, పిదప మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలోను చదివి పట్టభద్రులైరి. న్యాయశాస్త్రమును గూడ నభ్యసించిరి. సంస్కృతాంధ్రములేగాక ఆంగ్లము, ఉర్దూ, పారసీకము వారికి కరతలామలకములు. ఒక వాదమును దాని మూలభాషయందే చదివి యుత్తర మీయగల శక్తి వారికి దీనివలన నలవడినది. అనువాదముల నమ్మి వాదములకు దిగిన పండితులు ఎట్లు భంగపడుదురో నా యుద్యోగకాలమున నెరిగినవాడను గావున ఈ విషయమును ప్రత్యేకించి చెప్పుచున్నాను.

న్యాయవాద వృత్తి వారిని చిరకాలము పట్టియుంచలేదు. హైదరాబాదు కొత్వాలు రాజబహద్దరు వేంకటరామారెడ్డిగారి ప్రోత్సాహమున రెడ్డివిద్యార్థి వసతిగృహ నిర్వహణభారమును వహించి, పల్లెలనుండి వచ్చిన బాలుర చదువును, అందలి గ్రంథాలయమును సాకిరి. మన సంఘమువారు వారినిగూర్చి ముచ్చటించునపుడు ఈ భాగమునే యెక్కువగా చెప్పుకొందురు. నేను మాత్ర మింతటితో విడిచి, వారి జీవితములో ముఖ్యమని నేను తలంచు ఘట్టమునకు పోవుదును.

అప్పటి దేశస్థితిని కొంచెము చెప్పనిదే ఆ ఘట్టము తెలియదు. నిజాము రాష్ట్రజనులలో దాదాపు సగము మంది తెలుగువారు. అయినను న్యాయస్థానములలోను, కచ్చేరీలలోను, పై తరగతుల పాఠశాలలలోను ఉర్దూయే చెల్లుబడి యయ్యెను. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమందును బోధనభాష అదియే. దేశభాషలో నున్నతవిద్య నేర్పవచ్చునని లోకమునకు చాటిన సంస్థ తన రాష్ట్రములో నధికసంఖ్యాకుల భాషకు ఆ గౌరవము నీయకపోవుట విచిత్రము. తెలుగు పల్లెకూటి భాష, శాస్త్రమునకు పనికిరాదు, కవిత్వ మందు లేదు అను భావము క్రమముగా పాలకులనుండి ప్రజలకు, పిదప తెలుగువారికే పాకినది. 1921వ సంవత్సరము నవంబరు నెలలో హైదరాబాదు వివేకవర్ధినీ నాటకశాలలో కర్వే పండితుని యధ్యక్షతన జరిగిన సంఘసంస్కార సభయందు ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటలాడ నారంభింపగా సభలోని కొందరు పరిహసించి గోల చేసిరి. ఆ యవమానమునుండి ఆంధ్రజనసంఘము పుట్టినది. మరుసటి యేడు 1922లో మన నల్లగొండనుండి షబ్నవీసు వేంకటరామనరసింహారావుగారు నీలగిరి పత్రికను, ఇనుగుర్తినుండి ఒద్దిరాజు సోదరులు తెనుగు పత్రికను వెలువరించిరి. ప్రతాపరెడ్డిగారి సంపాదకత్వమున గోలకొండపత్రిక 1926వ సంవత్సరము మే నెల 10వ తేదీన బయలుదేరినది. వారమునకు రెండుమారులు వెలువడుచు, 1947లో దినపత్రికయైనది. అంత దీర్ఘకాలము నిలిచి పల్లెపల్లెకు తెలుగక్షరమును జేర్చిన పత్రిక ఆనాటి తెలంగాణమున మరియొకటి లేదు. సభ చేసికొనుటకు సైతము ముందుగా సర్కారు సెలవు పుచ్చుకొనవలసిన యా దినములలో, జనులు ఒకరి మాట నొకరు వినుటకు ఆ పత్రికయే సభాస్థలి యయ్యెను. సెలవు దొరకి 1930లో జోగిపేటయందు జరిగిన మొదటి నిజామాంధ్ర మహాసభకు అధ్యక్షులు ప్రతాపరెడ్డిగారే. రెండవ సభ మరు సంవత్సరము మన దేవరకొండలోనే బూర్గుల రామకృష్ణారావుగారి యధ్యక్షతన జరిగినది.

ఇట్టి కాలమున ముడుంబ వేంకటరాఘవాచార్యులవారను పండితులు నిజాము రాష్ట్రమున ఆంధ్రకవులు పూజ్యమని యొక యభిప్రాయమును వెలిబుచ్చిరి. లెక్కలలో సున్నకు పూజ్యమని పేరు. పూజింపదగినదనియు ఆ శబ్దమునకే యర్థము. ఆచార్యులవారు ఉద్దేశించినది మొదటి యర్థము. ప్రతాపరెడ్డిగారు రెండవ దానిని నిలబెట్టిరి.

ఈ మాట విన్నంతనే తెలంగాణమున నభిమానవంతులు మండిపడిరి. మండిపడుట సులభము. పత్రిక చేతిలోనున్న సంపాదకునకు మరియు సులభము. నాలుగు సంపాదకీయములలో ప్రతివాదిని దూషించి, పోతన మావాడు, సోమనాథుడు మావాడు అని రొమ్ము చరచుకొనినచో పాఠకులు మెచ్చియుందురు, పత్రికయు నమ్ముడుపోవును. కాని ప్రాచీనుల పేర్లు చెప్పి వర్తమానమును కప్పిపుచ్చుట యుత్తరము కాదు. ఆక్షేపణ యుండినది ఇప్పటివారినిగూర్చి.

ఇచ్చట నేను గురువులయొద్ద శాస్త్రము చదువుకొన్న దినముల పాఠ మొకటి జ్ఞప్తికి వచ్చుచున్నది. ఒక వస్తువు లేదని నిర్ణయించుట యెట్లు? కనబడకపోవుటచేత లేదనవచ్చునా? మీమాంసకులు అనుపలబ్ధి యను ప్రమాణము నంగీకరించిరి గాని దానికొక కట్టుబాటు పెట్టిరి. ఉన్నచో తప్పక కనబడదగిన స్థితిలో వెదకినను కనబడనిచో మాత్రమే లేదనుటకు వీలుగలదు. పట్టపగలు ఖాళీ నేలపై కుండ కనబడనిచో కుండ లేదు. అమావాస్య రాత్రి చీకటిగదిలో కుండ కనబడలేదని కుండ లేదనువాడు తన కన్నులనుగూర్చి చెప్పుచున్నాడే గాని కుండనుగూర్చి కాదు. తెలంగాణ మా నాడు చీకటిగది. అచ్చుకూటములు బహుస్వల్పము. పద్యము లనేకములు తాటియాకులలోను, చేతివ్రాత పుస్తకములలోను, అటకలపై గంపలలోను పడియుండెను. ఊరిలోని కవి పొరుగూరివానికి దెలియడు. అట్టి చోట కనబడలేదు గావున లేరనుట హేత్వాభాసము. దానికి ప్రత్యుత్తరము దూషణము కాదు, దీపము.

ప్రతాపరెడ్డిగారు దీపమునే తెచ్చిరి. తమ పత్రికాముఖమున కవులను పిలిచి, వారి పద్యములను, ఊరుపేర్లను, రచనల వివరములను తెప్పించి, వర్గీకరించి, 1934లో గోలకొండ కవుల సంచిక యను పేర ప్రకటించిరి. అందు 354 మంది కవులు గలరు. స్త్రీలును గలరు. పండితవంశముల వారితోపాటు వ్యవసాయము చేసికొనువారును, చిన్న యుద్యోగములలో కాలము గడుపువారును గలరు.

తర్కమును మాత్రమే చూచినచో ఇంత శ్రమ యనవసరమని తోచును. ఒక్కడును లేడన్న మాటను ఖండించుటకు ఒక్క కవి చాలును. కాని లోకమున వాదము తర్కగ్రంథమున జరిగినట్లు జరుగదు. ఒక్కని జూపినచో అది యాకస్మికమని ప్రతివాది తప్పించుకొనును. పదుగురిని జూపినచో వారు వేరుచోటినుండి వచ్చి స్థిరపడినవారనును. ఊరుపేరుతో 354 మందిని వరుసగా నిలిపినపుడు తప్పించుకొన త్రోవ లేదు. అంతకంటె ముఖ్యమైన సంగతి మరొకటి గలదు. వారి మాటను నమ్మవలసిన యవసరము పాఠకునకు లేదు. అనుమానమున్నవాడు ఆ యూరికి పోయి విచారించుకొనవచ్చును. సంపాదకుడు తనపై విశ్వాసము నడుగక, పరీక్షించుటకు వలయు సామగ్రిని చదువరి చేతిలో పెట్టెను.

మన మహబూబునగరము జిల్లావారికి ఆ సంచిక మరింత పరిచితముగా తోచుటకు కారణము గలదు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, కొల్లాపురము, గోపాలుపేట సంస్థానములు చిరకాలము పండితపోషణము చేసినవి. విద్వద్గద్వాలయని పేరే వచ్చినది. అవధానములతో దేశమంతయు తిరిగిన తిరుపతి వేంకటకవులు గద్వాల ఆత్మకూరులకు వచ్చి సత్కారము లందిరి. జటప్రోలు సురభి మాధవరాయలు చంద్రికాపరిణయము రచించెను. నల్లగొండసీమలోని రాచకొండ నేలిన సర్వజ్ఞ సింగభూపాలుడు సంస్కృతమున రసార్ణవసుధాకర మను నలంకారగ్రంథము వ్రాసెను. ఇంత వెలుగున్న సీమలను జూచియు కవులు లేరనగలిగిరనినచో, కన్నుల లోపము కాదు, ముందుగా మనసులో కట్టుకొన్న గోడయే కారణము. సముద్రతీరమున నుండునది సాహిత్యము, మెట్టనేల నుండునది మోటతనము అను నొక నమ్మకము నాడు బలముగా నుండెను. నమ్మకము ముందు నడచి కన్ను వెనుక నడచినపుడు ఇట్లే యగును.

నేను నిష్పక్షపాతముగ చెప్పవలసిన మాట యొకటి యున్నది. ఆ సంచికలోని పద్యములన్నియు నొక్క తరగతివి కావు. కొన్ని ఉత్తమములు, కొన్ని శబ్దాడంబరమును దాటనివి. ఏరి కూర్చిన రత్నహారముగ దానిని చూచువాడు నిరాశపడును. అది హారము కాదు, సాక్ష్యపత్రము. సాక్ష్యపత్రమునుండి తనకు రుచింపని సాక్షులను తొలగించుట న్యాయము కాదు.

పరులు మనలను నిందించినపుడు ఆధారము నడుగుట యెల్లరును చేయుదురు. మనవారి నమ్మకములకును ఆ త్రాసునే పట్టుట కొందరే చేయుదురు. ప్రతాపరెడ్డిగారు రామాయణవిశేషము లను గ్రంథమున వాల్మీకమును చరిత్రకారుని కంటితో చదివిరి. ఏది మూలము, ఏది పిదప చేరినది యని విచారించిరి. వానరు లెవరు, లంక యెచ్చటిది మున్నగు ప్రశ్నలను భయపడక వేసిరి. ఇది పూర్వాచారపరులగు వారికి రుచింపదను సంగతి వా రెరుగనిది కాదు. వారు ధర్మమునందు శ్రద్ధ లేనివారును కారు. హిందువుల పండుగలనుగూర్చి గ్రంథము వ్రాసి ఒక్కొక్క పండుగ పుట్టుపూర్వోత్తరములను వెదకినవారు, హైందవ ధర్మవీరుల కథలు వ్రాసినవారు. శ్రద్ధకును విచారణకును విరోధము లేదని వారి నడవడి చెప్పుచున్నది. ఆ గ్రంథములోని నిర్ణయము లన్నియు నాకు సమ్మతములు కావు. లంకా స్థాన విషయమున నేటికిని పండితులలో నేకాభిప్రాయము లేదు. అయినను ప్రశ్నను ప్రశ్నగా నుంచి, ఇరుపక్షముల యుక్తులను పాఠకుని యెదుట పెట్టు పద్ధతిని సంస్కృత పాఠశాలలలో పూర్వపక్ష సిద్ధాంతములు చదివినవారు మెచ్చకుండలేరు.

వారి కృషికి శిఖరము 1949లో ప్రకటితమైన ఆంధ్రుల సాంఘిక చరిత్ర. రాజుల యుద్ధములు, పట్టాభిషేకములు, వంశావళులు చరిత్రమని మనము బడులలో చెప్పితిమి. నేనును ముప్పదియేండ్లకు పైగా అట్లే చెప్పితిని. ప్రతాపరెడ్డిగారు ఆ రాజులను ప్రక్కకు జరిపి, జనులు ఏమి తినిరి, ఏమి కట్టిరి, ఏ యాటలాడిరి, ఏ పన్నులు కట్టిరి, దేనికి భయపడిరి యని యడిగిరి. నన్నయ కాలమునుండి ఇరువదవ శతాబ్ది తొలినాళ్లవరకు ఈ ప్రశ్నలనే నడపించిరి. ఇందులకు శాసనములు చాలవు. కావున కావ్యముల నాశ్రయించిరి. అయితే కావ్యములన్నియు సమానమగు సాక్షులు కావు. అష్టాదశ వర్ణనల ప్రబంధములలో వసంతము వచ్చునే గాని వడ్లధర రాదు. పాల్కురికి సోమనాథుని బసవపురాణ పండితారాధ్య చరిత్రములు, ఓరుగంటి వీధులను చూపు క్రీడాభిరామము, కొరవి గోపరాజు సింహాసనద్వాత్రింశిక, కదిరీపతి శుకసప్తతి, నారాయణామాత్యుని హంసవింశతి వంటి వానిలో సంతలు, కోడిపందెములు, జూదములు, వంటకములు, వైద్యములు కానవచ్చును. పండితులు రెండవ తరగతి కావ్యములని ప్రక్కనబెట్టిన పుస్తకములే చరిత్రకారునకు మొదటి తరగతి సాక్షులైనవి.

ఈ పనిలో వారి కొక విఘ్నము తగిలినది. పాత కావ్యములలో నొక యాట పేరో, పిండివంట పేరో వచ్చును. నిఘంటువు తెరచిన అది క్రీడావిశేషమనియో, భక్ష్యవిశేషమనియో యుండును. పదము తెలియనివాడు తెలియదని వ్రాయుటకు సిగ్గుపడి విశేష మను ముసుగు వేసినట్లున్నది. ప్రతాపరెడ్డిగారు ఆ ముసుగును తొలగించుటకు పల్లెల వాడుకను, వృత్తులవారి మాటలను ప్రమాణముగా గ్రహించిరి. కోశములలో నర్థము చచ్చిన పదములు తెలంగాణపు పొలములలోను వంటయిండ్లలోను బ్రదికియుండెను. పండితుడు గొల్లవానిని, కుమ్మరిని అర్థమడుగుట చిన్నతనమని యెంచు కాలమున వారు ఆ పని చేసిరి.

ఆ గ్రంథమున రెడ్డిరాజుల కాలమునకు ప్రత్యేకాధ్యాయము గలదు. మన సంఘమువారు దానిని చూచి గర్వింతురు. గర్వించుటకు ముందు చదువవలెను. అందలి వ్రాతయు ఇతరాధ్యాయముల వ్రాతవంటిదే. ఆ కాలపు సుగుణములతోపాటు ఆ కాలపు మూఢత్వములు, దుర్వ్యసనములు గూడ చేర్పబడినవి. తన యింటిపేరుకు దగ్గరగా వచ్చిన యధ్యాయమని కలము మెత్తబడలేదు.

ఈ సందర్భమున నా స్వవిషయ మొకటి చెప్పక తప్పదు. కొన్నియేండ్ల క్రిందట నే నొక సంచికలో మన కులమూలమునుగూర్చి యొక వ్యాసము వ్రాసితిని. పెద్దలనుండి విన్నవి, మరియొక పుస్తకములో చదివినవి చేర్చి, ఒక పురాతన రాజవంశమునుండి మనవారి గోత్రములను వరుసగా దింపితిని. సభలో చప్పట్లు కొట్టిరి. పిమ్మట నా యొద్ద చదువుకొన్న బాలిక యొకతె ఇంటికి వచ్చి, వినయముగనే, ఆ వంశమునకును మన గోత్రమునకును నడుమ నున్న మూడువందల యేండ్లకు శాసనమేది యని యడిగినది. నే నుత్తరము వెదకితిని. నేను ప్రమాణముగ గైకొనిన పుస్తకము మరియొక సంచికను, ఆ సంచిక వేరొక యుపన్యాసమును ప్రమాణముగా జూపుచుండెను. అంతకు వెనుక నేమియు లేదు. గ్రుడ్డివారు వరుసగా నొకరి భుజమునొకరు పట్టుకొని నడచినట్లున్నది. ఆ సాయంకాలము సిగ్గుపడితిని. ఆమెకు నా తప్పు నొప్పుకొంటిని గాని సంచికవారికి సవరణ వ్రాసి పంపలేదు. ఆ సవరణ నిదే యిచ్చట వ్రాయుచున్నాను. ఆ వ్యాసములోని వంశక్రమమునకు నాకు తెలిసిన యాధార మేదియు లేదు. మునుపటి సంచికలు దాచుకొన్నవారు ఆ పుటలప్రక్కన ఈ మాట గుర్తువ్రాసికొనగోరెదను.

ప్రతాపరెడ్డిగారు కడపటి దినములలో రాజకీయములందును ప్రవేశించి, 1952వ సంవత్సరపు ఎన్నికలలో వనపర్తినుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైరి. ఆ పదవి వారికెక్కువకాలము దక్కలేదు. 1953వ సంవత్సరము ఆగస్టు 25వ తేదీన, ఏబదియేడేండ్ల ప్రాయమున దివంగతులైరి. కేంద్ర సాహిత్య అకాడమి 1955లో మొట్టమొదటిసారి పురస్కారముల నిచ్చినపుడు తెలుగున ఆ గౌరవము ఆంధ్రుల సాంఘిక చరిత్రకు దక్కినది. దాని నందుకొనుటకు గ్రంథకర్త లేరు. 2025లో తెలంగాణ శాసనసభ హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయమునకు వారి పేరు పెట్టుటకు నిర్ణయించినది. తెలుగున కవులు లేరనిపించుకొన్న నేలమీద తెలుగు విశ్వవిద్యాలయ మొకటి వారి పేర నిలుచుటను చూచితిమి.

గోలకొండ కవుల సంచిక పునర్ముద్రణమొందినది. మన సంఘభవనపు గ్రంథాలయమున నొక ప్రతి యుండుట మంచిదని కార్యవర్గమునకు మనవి చేయుచున్నాను. దానిలో తమ గ్రామపు కవి పేరు కనుగొన్న యువకులు ఆయన సంతతివారి యిండ్లలో వ్రాతప్రతు లేమైన మిగిలినవేమో విచారింపవలెను. చెదలు మనకంటె వేగముగ పనిచేయుచున్నవి. ఈ వ్యాసమునందలి తేదీలలోగాని పేర్లలోగాని పొరపాటు కనబడినచో ఆధారసహితముగ నాకు తెలిపినవారికి కృతజ్ఞుడనై, వచ్చు సంవత్సరపు సంచికలో దిద్దుకొందును.